కంపెనీ పెట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. రెండూ చేసి చూశాను. రెండింటి అప్పులూ తీరి కాస్త ఊపిరాడుతున్న వేళ కంపెనీ కూడా పెట్టి చూశాను. పెద్దవాళ్ళు ఈ మూడోదాన్ని సామెతలో ఎందుకు కలపలేదో తెలియదు. వాళ్ళ రోజుల్లో ఆడిటరుగారు లేకపోవడం వల్ల కావచ్చు.

"ప్రైవేటు లిమిటెడ్ పెడదామనుకుంటున్నాం అంకుల్, ఏమైనా సలహాలు చెప్పండి" అంటూ ఈమధ్య కుర్రాళ్ళు వస్తున్నారు. ఒక్కొక్కడికీ కాఫీ ఇచ్చి చెప్పే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు కనక అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నాను. కంపెనీల చట్టం 2013లో 470 సెక్షన్లు ఉన్నాయట. అందులో ఒక్కటీ చదవకుండా నేను ఆచరించి చూసిన చిట్కాలివి.

మొదటి చిట్కా, కంపెనీ అవసరమా అని ఎవర్నీ అడక్కండి. మాది సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే వ్యాపారం. గుంటూరు శివార్లలో ఒక ఖాళీ స్థలం, మూలన రేకుల షెడ్డు, ఇనప ప్లేట్లు, జాకీలు, సర్వి బాదులు. స్లాబు వేసే మేస్త్రి వచ్చి ట్రాక్టరు మీద వేసుకుపోతాడు, పదిహేను ఇరవై రోజులకి సిమెంటు పెచ్చులతో సహా తెచ్చి పడేస్తాడు. జాకీకి రోజుకింత, ప్లేటుకి రోజుకింత. ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో పొడుగు నోటుబుక్కులో రాసుకుంటాను. ఒక్క రోజు కూడా వదలను. వాన పడి పని ఆగిందన్నా వదలను. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఆడిటరుగారు తొలిరోజే అన్నారు. "ఈ వ్యాపారానికి మీ సొంత పేరు మీద ప్రొప్రైటర్‌షిప్ చాలండీ. బయటివాళ్ళ పెట్టుబడేమైనా వస్తోందా? కంపెనీ అయితేనే కాంట్రాక్టు ఇస్తామని ఎవరైనా అన్నారా? వాటాలు పంచే పని ఉందా? ఏదీ లేనప్పుడు ఎందుకు ఈ గోల?" ఇలాంటి ప్రశ్నలు వేసే ఆడిటరు దొరికితే వెంటనే వదిలించుకోవాలి. నా దగ్గర ఆయన ప్రశ్నలకి జవాబులు లేవు గాని, కారణం మాత్రం ఉంది. రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. బయోడేటాలో తండ్రి పేరు ఎదురుగా సెంట్రింగ్ సామాను అని ఉంటే ఒకలా ఉంటుంది, మేనేజింగ్ డైరెక్టర్ అని ఉంటే ఒకలా ఉంటుంది. 2020లో, కరోనాతో స్లాబులన్నీ ఆగి యార్డులో సామాను తుప్పు పడుతున్న సమయంలో, నేను ఎండీనయ్యాను.

ఇక పేరు. ఢిల్లీవారి పోర్టల్లో స్పైస్ ప్లస్ అని ఒక ఫారం ఉంటుంది. వంటింటికి సంబంధం లేదు, కంపెనీ పుట్టేది అందులోనే. పేరుకో భాగం, మిగతాదానికో భాగం. పేరు భాగంలో రెండు పేర్లు రాయొచ్చు. అప్పటికే ఉన్న కంపెనీ పేరుకి దగ్గరగా ఉంటే కుదరదంటారు. బ్యాంకు, ఇన్సూరెన్స్ లాంటి మాట తగిలిస్తే ఆ రంగాన్ని నియంత్రించేవారి అనుమతి తెమ్మంటారు. ఒప్పుకున్న పేరు 20 రోజులు మీకోసం అట్టే పెడతారు, ఆలోగా మిగతా కాగితాలు నింపాలి. ఇందులో తెలివైన పని ఏమిటంటే, పేరు ఖాయం కాకముందే విజిటింగ్ కార్డులు వేయించుకోవడం. నేను బంగారు అక్షరాలతో వెయ్యి వేయించాను. నా ఇలవేల్పు పేరు పెట్టుకున్న కంపెనీలు అప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయని, మరో పేరు చూసుకోమని జవాబొచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ కార్డుల వెనక పాల లెక్క రాస్తోంది. మంచి మందం కాగితం.

పేరు తట్టకపోతే ఉన్న పేరునే తిరగేయమన్నాడు ఒక మిత్రుడు. సత్యం అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో వెనక్కి రాస్తే మేటాస్ వస్తుంది. 2008 డిసెంబరులో ఆ రెండు పేర్ల కంపెనీలనీ కలపబోయినప్పుడు ఏమైందో గుర్తొచ్చి నేను వద్దనుకున్నాను. ఈ కంపెనీ వ్యవహారంలో నా సొంత తెలివి పనిచేసింది ఈ ఒక్కచోటే.

డైరెక్టర్లు కనీసం ఇద్దరుండాలి, వాటాదారులూ ఇద్దరు. రెండో మనిషి కోసం చదువుకున్నవాణ్ణో వ్యాపారం తెలిసినవాణ్ణో వెతుక్కోకండి. మనకి కావలసింది సంతకం పెట్టే మనిషి, చదివే మనిషి కాదు. కాబట్టి భార్య. మా ఆవిడ కాగితం అందుకుని, కళ్ళజోడు కోసం చూసింది. "చదవక్కర్లేదోయ్, గుర్తు పెట్టినచోట సంతకం చెయ్యి" అన్నాను.

"డైరెక్టరంటే ఏం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యక్కర్లేదు."

"మరి లిమిటెడ్ అంటే?"

"కంపెనీ వేరు, మనం వేరు. రేపు కంపెనీకి అప్పులైనా మనం పెట్టిన లక్ష రూపాయలే పోతాయి. ఇంటి జోలికి ఎవడూ రాడు."

ఆ మాట చెప్పినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. లండన్లో సాలమన్ అని ఒక బూట్ల వ్యాపారి ఉండేవాడు. 1892లో అతనూ కంపెనీ పెట్టాడు. అక్కడి చట్టానికి అప్పట్లో ఏడుగురు కావాలి. తను, భార్య, కూతురు, నలుగురు కొడుకులు. తనకి ఇరవై వేల పైచిలుకు వాటాలు, ఇంట్లోవాళ్ళకి తలా ఒకటి. కొద్దికాలానికే వ్యాపారం మునిగింది. అప్పులవాళ్ళు, కంపెనీ అన్నది వట్టి ముసుగు, అంతా ఇతనే అని కోర్టుకెక్కారు. చివరికి హౌస్ ఆఫ్ లార్డ్స్ వారు, ముసుగు కాదు, కంపెనీ ఒక మనిషి, సాలమన్ ఇంకో మనిషి, దాని అప్పు ఇతను కట్టక్కర్లేదు అని తేల్చారు. మన దేశంలో లా చదివే ప్రతి పిల్లవాడికీ ఈ కేసు మొదట్లోనే చెబుతారు. నాకు ఆడిటరుగారు చెప్పారు. నేను అందులో సగమే విన్నాను. కంపెనీ అప్పు నాది కాదు అన్న సగం. కంపెనీ డబ్బు కూడా నాది కాదు అన్న సగం వినేలోగా ఫోనొచ్చింది.

మూడో డైరెక్టరుగా మా బావమరిదిని పెట్టాను. వాడికి మిర్చి కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఒకటుంది, అందులో వాడూ ఒక డైరెక్టరు. పద్ధతిగా నడిపే మనిషి. ఇలాంటివాడు బోర్డులో ఉంటే మనకి గౌరవం. వాడికేమవుతుందన్నది అప్పుడు ఆలోచించాల్సిన విషయం కాదు.

రిజిస్టర్డ్ ఆఫీసుకి కరెంటు బిల్లు కావాలి, రెండు నెలలకి మించి పాతబడకూడదు. ఇంటి యజమాని దగ్గర్నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం. మా ఇంటి కరెంటు బిల్లు ఇవాళ్టికీ మా తాతగారి పేరు మీదే వస్తుంది. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. తాతగారు అభ్యంతరం లేదని రాసివ్వలేరు, అలాగని అభ్యంతరం చెప్పనూ లేరు. ఈ చిక్కుని దాటడానికి ఏమేం ప్రయత్నించానో రాయను, చదివేవాళ్ళలో ఎవరుంటారో తెలియదు. చివరికి యార్డులోని రేకుల షెడ్డునే ఆఫీసుగా చూపించాను. ఆఫీసు బయట కంపెనీ పేరు, చిరునామా కనబడేలా బోర్డుండాలి, స్థానిక భాషలో కూడా ఉండాలి అన్నది రూలు. నేను బోర్డు రాయించి షెడ్డు లోపల, తలుపు వెనక, క్యాలెండరు పక్కన పెట్టాను. ఎండకి రంగు పోకుండా ఉంటుంది. బిల్లుల మీద 21 అక్షరాల కంపెనీ నంబరు వేయాలన్నారు. పాత బిల్లు పుస్తకాలు పదహారు మిగిలుంటే అవి అయిపోయాక చూద్దామనుకున్నాను. ఇంకా నాలుగున్నాయి.

వాచ్‌మన్‌కి చదువు రాకపోవడం మంచిది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

పెట్టుబడి దగ్గర మొహమాటం వద్దు. ఒకప్పుడు ప్రైవేటు కంపెనీకి కనీసం లక్ష మూలధనం ఉండాలనేవాళ్ళు, 2015 సవరణతో అదీ తీసేశారు. అధీకృత మూలధనం 15 లక్షల దాకా అయితే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఫీజే లేదు. ఆడిటరుగారు అక్కడే ఆగుదామన్నారు. నేను కోటి వేయమన్నాను. నిజంగా కట్టేది లక్షే, కాని చెప్పుకునేటప్పుడు కోటి రూపాయల కంపెనీ అనొచ్చు. అబద్ధమూ కాదు. ఆ గొప్పకి ఫీజు, స్టాంపు డ్యూటీ కలిపి ఎంతయిందో మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఆ లక్షని పొద్దున్న కంపెనీ ఖాతాలో వేసి, సాయంత్రానికి తీసేసుకున్నాను. వాటాల సొమ్ము అందిందని 180 రోజుల్లోపల ఐఎన్‌సీ-20ఏ అనే ఫారంలో చెప్పాలి, చెప్పేదాకా వ్యాపారం మొదలుపెట్టకూడదు. తప్పితే కంపెనీకి 50 వేలు జరిమానా, డైరెక్టర్లకి రోజుకి వెయ్యి చొప్పున లక్ష దాకా. నేను వ్యాపారం ఎప్పుడో మొదలుపెట్టాను కదా, కొత్తగా మొదలయ్యేదేముంది?

డిజిటల్ సంతకమని వేలెడంత వస్తువు ఒకటిస్తారు. కంప్యూటరుకి గుచ్చి పాస్‌వర్డ్ కొడితే మీరు స్వయంగా సంతకం పెట్టినట్టే, చట్టం కూడా అలాగే చూస్తుంది. దీన్ని ఇంటికి తెచ్చుకోకండి, పోతుంది. ఆడిటరుగారి అసిస్టెంటు టేబులు సొరుగులో ఉంచండి. మా ఇద్దరివీ ఒకే రబ్బరు బ్యాండు వేసి, తెల్ల ప్లాస్టరు మీద సార్, మేడమ్ అని పెన్నుతో రాసి అక్కడే ఉండేవి. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, ఆ సొరుగులోని అందరికీ అదే. మేడమ్ సంతకం ఏయే కాగితాల మీద పడిందో మేడమ్‌కి తెలియదు, సార్‌కీ తెలియదు. అప్పుడప్పుడు "ఓటీపీ చెప్పండి సార్" అని ఫోనొచ్చేది. చెప్పేవాణ్ణి.

ఇప్పటికి ఎన్ని చిట్కాలయ్యాయో లెక్క తప్పింది. లెక్కలు నా పని కాదు.

బోర్డు మీటింగులు పెద్ద కంపెనీలకి ఏడాదికి నాలుగు. మాలాంటి చిన్నవాటికి ఆర్నెల్లకి ఒకటి చాలు, రెండింటి మధ్యా 90 రోజులు ఎడముండాలి. ఒక్కసారి నిజంగా పెట్టబోయాను.

"బోర్డు మీటింగు పెడుతున్నాం" అన్నాను.

"ఎక్కడండీ?"

"ఇక్కడే, హాల్లో. నువ్వూ నేనూ, మీ తమ్ముడొస్తే వాడూ. రూలు ప్రకారం నీకు ఏడు రోజుల ముందు కాగితం మీద నోటీసివ్వాలి."

మా ఆవిడ పోపు గరిటె పట్టుకుని ఇటు తిరిగింది. "వంటింట్లోంచి హాల్లోకి పిలవడానికి ఏడు రోజులెందుకండీ?"

నా దగ్గర జవాబు లేదు. మీటింగు జరగలేదు. కాని మినిట్సు ఉండాలి. ప్రతి మీటింగుకీ 30 రోజుల్లోపల రాయాలి, పేజీలకి వరస నంబర్లుండాలి, విడి కాగితాలు టైపు చేసి పుస్తకంలో అంటించకూడదు. మా పద్ధతి తేలిక. ఒక రాత్రి కూర్చుని మూడేళ్ళ మినిట్సు ఒకే పెన్నుతో రాసేశాను. మొదటి మీటింగులో అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ఆరో మీటింగుకొచ్చేసరికి తెల్లవారుజాము మూడయింది, అది అక్షరాల్లోనే తెలుస్తుంది. అన్ని మీటింగులకీ మా బావమరిది వచ్చినట్టు, ప్రతి తీర్మానాన్నీ వాడే బలపరిచినట్టు రాశాను. అందులో ఒక తేదీన వాడు అరుణాచలంలో గిరి ప్రదక్షిణ చేస్తున్నాడు. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు, మా చుట్టాలు నూటయాభై మంది చూశారు.

అసలు రుచి డబ్బులో ఉంది. కంపెనీ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకుని జేబులో పెట్టుకోండి. పచారీ కొట్టు, పెట్రోలు, చిన్నమ్మాయి బ్యూటీపార్లరు, మా అత్తగారి కంటి ఆపరేషను, అన్నీ దాంతోనే. పెద్ద మనవరాలి ఓణీల ఫంక్షన్ భోజనాలకి బిజినెస్ ప్రమోషన్ అని పేరు పెట్టాం. నలుగురు మేస్త్రీలు కూడా తిన్నారు కదా. ఏడాది చివర ఆడిటరుగారు ప్రతి పద్దు దగ్గరా వేలు పెట్టి ఇదేంటండీ, ఇదేంటండీ అని అడిగేవారు. గుర్తులేదంటే అదంతా డైరెక్టరుకి ఇచ్చిన అప్పు కింద పడేది. డైరెక్టర్లకి కంపెనీ అప్పివ్వడం మీద 185వ సెక్షన్ ఆంక్షలు పెడుతుందని ఆయనన్నారు. పది శాతానికి తగ్గకుండా ఓటున్న వాటాదారుకి ప్రైవేటు కంపెనీ అప్పిస్తే, పోగైన లాభం మేరకి ఆదాయపన్నువారు దాన్ని డివిడెండుగానే లెక్కగడతారని కూడా అన్నారు. అంటే మా అత్తగారి కన్ను మీద నేను పన్ను కట్టాలి. ప్రొప్రైటరుగా ఉన్నప్పుడు ఇదే డబ్బు ఇలాగే వాడుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. నా గల్లాపెట్టెలో నేను చెయ్యిపెడితే దొంగతనమెలా అవుతుందని ఆడిటరుగారితో గట్టిగానే వాదించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "గల్లాపెట్టె మీది కాదండీ, ఆవిడది" అన్నారు. ఆవిడంటే మా ఆవిడేమో అనుకున్నాను. కంపెనీట.

చేబదుళ్ళు కూడా కంపెనీ పేరు మీదే తీసుకోండి. ఇరుగుపొరుగు దగ్గర, వాకింగు మిత్రుల దగ్గర, నూటికి రెండు రూపాయల వడ్డీకి. కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే వాళ్ళకీ నమ్మకం. బయటి జనం దగ్గర ఇలా తీసుకుంటే చట్టం దాన్ని డిపాజిట్ అంటుంది, ఆ నిబంధనలు దాటితే బాధ్యులకి ఏడేళ్ళ దాకా జైలుంది. ఈ ముక్క విన్నాక వాకింగుకి వెళ్ళడం మానేశాను.

బ్యాంకు సంగతికొద్దాం. ఏ బ్యాంకో అనవసరం. కొత్త ప్లేట్లు, జాకీలు కొనడానికి 40 లక్షల అప్పు అడిగాం. కంపెనీ పేరు మీద అప్పు, కంపెనీ సామాను తాకట్టు. అంతవరకూ సాలమన్ గారి తీర్పు చెక్కుచెదరలేదు. తరవాత మేనేజరుగారు ఇంకో కాగితాల కట్ట ముందుకు తోశారు. డైరెక్టర్ల వ్యక్తిగత హామీ. దాని కింద ఇంటి పట్టా. మా ఆవిడ ఈసారి కళ్ళజోడు తెచ్చుకుంది. "ఇంటి జోలికి ఎవడూ రాడన్నారు?" అంది నెమ్మదిగా. "ఎవడూ రావడం లేదోయ్, మనమే పట్టుకెళ్ళి ఇస్తున్నాం" అన్నాను. బ్యాంకువాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. సంతకం మాత్రం పెట్టింది. కంపెనీకి హామీ ఉన్న మనుషుల మీద కూడా దివాలా చట్టం కింద వెళ్ళొచ్చని 2019 డిసెంబరు 1 నుంచి నిబంధనలు అమల్లోకొచ్చాయి, 2021లో సుప్రీంకోర్టు అవి చెల్లుతాయంది. మా కంపెనీ పుట్టడానికి ముందే ఉన్న రూలు. లిమిటెడ్ అన్న మాట బోర్డు మీద ఉంటుంది, హామీ బీరువాలో ఉంటుంది. బోర్డు తలుపు వెనక ఉందని చెప్పాను కదా.

తాకట్టు సామాను చూసి పోవడానికి ఆఫీసరు వస్తారు. ఈలోగా మేస్త్రీలు ఎగ్గొట్టినవి పోను, తుప్పు కింద అమ్మినవి పోను, కాగితం మీదున్న ప్లేట్లలో మూడొందలు తక్కువొచ్చాయి. పక్క యార్డు ఆయన్ని బతిమాలి రాత్రికి రాత్రి మూడొందలు తెచ్చి పేర్చాను. వాళ్ళ ప్లేట్లకి ఎర్ర రంగు గీత, మావాటికి పచ్చ. తెల్లారేలోగా రంగు ఆరలేదు. ఆఫీసరుగారు చెయ్యివేసి చూసి, వేళ్ళు రుమాలుకి తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అలా ఏమీ అననివాళ్ళే ప్రమాదం. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజుగారు రాసిన ఉత్తరం తెలుగువాళ్ళందరికీ తెలుసు. లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని అందులో ఒప్పుకున్నారు. పులి మీద ఎక్కినవాడి పరిస్థితి తనదని కూడా రాశారు. మాది మూడొందల ప్లేట్ల వ్యవహారం. పులి కాదు, పిల్లి. అయినా ఎక్కడమే గాని దిగే దారి దానిక్కూడా లేదు. మరుసటి ఏడాది ఆరొందలు అరువు తేవాల్సొచ్చింది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా. ఏటేటా రెండు ఫారాలుంటాయి. జమాఖర్చులకి ఏవోసీ-4, వార్షిక రిటర్నుకి ఎంజీటీ-7, చిన్న కంపెనీకైతే 7ఏ. ఏటా సెప్టెంబరు 30లోగా వాటాదారుల సర్వసభ్య సమావేశం జరగాలి, అంటే మళ్ళీ మా హాల్లో మేమే. దాని తరవాత మొదటిది 30 రోజుల్లో, రెండోది 60 రోజుల్లో వేయాలి. వ్యాపారం సున్నా అయినా వేయాలి, ఆడిటు చేయించే వేయాలి. నేను వేయొద్దన్నాను. నష్టంలో ఉన్న కంపెనీ లెక్కలు ఎవరికి కావాలి? ఆలస్యానికి ఏమైనా ఉంటుందా అని ఆడిటరుగారి అసిస్టెంటుని అడిగితే, "ఒక్కో ఫారానికి రోజుకి వంద సార్" అన్నాడు. వందే కదా అనుకున్నాను.

నేనూ రోజువారీ అద్దెల మీద బతికేవాణ్ణే. నా జాకీకి ఏనాడూ రోజుకి వంద రాలేదు. ఇరవై రోజులు దాటితే మేస్త్రి వచ్చి, అన్నా కాస్త తగ్గించు అంటాడు, నేనూ రోజులు వదలకపోయినా రేటు కాస్త తగ్గిస్తాను. ఇక్కడ తగ్గించడం లేదు, గరిష్ఠ పరిమితి లేదు, ఆదివారాలు లేవు, సంక్రాంతి లేదు. రెండు ఫారాలకి ఏడాదికి 73,000. రెండో ఏడాది ఫారాలూ ఆగిపోతే అవీ విడిగా మొదలవుతాయి, మూడో ఏడాదివీ అంతే. మొదటివి మూడేళ్ళు, తరవాతివి రెండేళ్ళు, చివరివి ఏడాది ఆలస్యమైతే రమారమి 4,38,000. పొడుగు నోటుబుక్కు చివరి పేజీలో ఈ లెక్క వేసి చూసుకున్నాను. ప్రభుత్వం దగ్గర కూడా ఒక పొడుగు నోటుబుక్కు ఉందన్నమాట.

కట్టొద్దు, మాఫీ పథకం వస్తుంది అన్నది నా నమ్మకం. ట్రాఫిక్ చలాన్లకి రాయితీ ఇవ్వలేదా? ఆలస్యం చేసిన కంపెనీలకి 2018లో ఒక పథకం వచ్చింది, 2020లో కరోనా పేరు మీద ఇంకొకటి. రెండేళ్ళకోటి లెక్కన 2022లో రావాలి. ఆ ఏడాదంతా ఎదురుచూస్తూ కూర్చున్నాను. డిసెంబరు 31 రాత్రి కేకు కోస్తున్నప్పుడు కూడా ఒకసారి ఫోన్ చూసుకున్నాను.

వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గాని రిటర్నులు గాని వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్ళు అనర్హులవుతారు. 164వ సెక్షన్. నా ఒక్కడికే జరిగేది కాదు, 2017లో ఒక్కసారే దేశం మొత్తం మీద మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లని ఇలాగే పక్కన పెట్టారు, రెండు లక్షలకి మించిన కంపెనీలని జాబితాలోంచి కొట్టేశారు. కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదు. నేను అనర్హుణ్ణయ్యాను. మా ఆవిడా అయింది, ఆవిడకి ఆ సంగతి తెలియడానికి వారం పట్టింది. మా బావమరిదీ అయ్యాడు. ఇక్కడే ఉంది మెలిక. ఇలా అనర్హుడైనవాడు తను డైరెక్టరుగా ఉన్న మిగతా కంపెనీల్లో పదవి వదులుకోవాలి. వాడి కోల్డ్ స్టోరేజీ బ్యాంకు పని మీద ఏదో ఫారం వేయబోతే వాడి డైరెక్టరు నంబరు పనిచేయడం లేదని తేలింది. ఎందుకో వాళ్ళ ఆడిటరు తవ్వితే మా రేకుల షెడ్డు బయటపడింది.

"నేను ఒక్క మీటింగుకైనా వచ్చానా బావా?" అన్నాడు ఫోన్లో.

"అన్నిటికీ వచ్చావురా, మినిట్సులో ఉంది" అన్నాను.

ఆ దసరాకి వాళ్ళు మా ఇంటికి రాలేదు. తరవాతి దసరాకీ రాలేదు.

కంపెనీని మూసేయాలంటే పద్ధతి ఉంది. అప్పులు తీర్చేసి, ఆగిన ఫారాలన్నీ వేసి, పదివేల రూపాయల ఫీజుతో ఎస్‌టీకే-2 అనే దరఖాస్తు పెట్టుకుంటే పేరు తీసేస్తారు. ఇంత శ్రమ దేనికి? ఊరికే ఉంటే వాళ్ళే తీసేస్తారు. విజయవాడలోని రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి, మీ పేరు ఎందుకు కొట్టేయకూడదో 30 రోజుల్లో చెప్పండని నోటీసొచ్చింది. వచ్చింది రిజిస్టర్డ్ ఆఫీసుకి, అంటే షెడ్డుకి. వాచ్‌మన్ దాన్ని భద్రంగా రేకుకీ దూలానికీ మధ్య దోపాడు. గాలివానకి రేకు ఎగిరినప్పుడు అది కింద పడింది, అప్పటికి గెజిట్లో కూడా వచ్చేసింది. ఖాతాలో ఆఖరి స్లాబుల అద్దె, రెండు లక్షల ముప్పై వేలు, అలాగే ఉండిపోయింది. లేని కంపెనీ డబ్బు ఎవరికిస్తాం అన్నారు బ్యాంకువాళ్ళు. పేరు మళ్ళీ బతికించుకోవాలంటే ట్రిబ్యునల్‌కి వెళ్ళాలి, ఆగిన ఫారాలన్నీ ఆలస్య రుసుముతో వేయాలి. మళ్ళీ ఆ నోటుబుక్కే.

కంపెనీ పోయింది కదా, అప్పూ పోయినట్టేగా అని అడిగాను. ఆడిటరుగారు 248వ సెక్షన్ చదివి వినిపించారు. పేరు కొట్టేసినా డైరెక్టర్ల బాధ్యత, కంపెనీ బతికున్నట్టే కొనసాగుతుందిట. ఇంటి పట్టా ఇంకా బ్యాంకులోనే ఉంది.

ఇంత అనుభవం వృథా కాకూడదని ఇంకో కంపెనీ ఆలోచన చేశాను. డ్రోన్లతో మిర్చి తోటలకి మందు కొట్టడం. మంచి భవిష్యత్తున్న వ్యాపారం. పేరు రెండు రకాలుగా అనుకుని ఉంచాను, కార్డులు ఇంకా వేయించలేదు. 2028 దాకా నా పేరూ మా ఆవిడ పేరూ పనికిరావు కాబట్టి ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఏం చెయ్యక్కర్లేదు, గుర్తు పెట్టినచోట సంతకం చేస్తే చాలు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఆధార్, పాన్ పట్టుకుని యార్డుకి రండి. బోర్డు తలుపు వెనక ఉంటుంది, వాచ్‌మన్‌ని అడగండి.